తిరగేసిన నది

వాస్తు కోసం తలుపు మార్చుకున్నవాళ్ళను చూశాను, పొయ్యి మార్చుకున్నవాళ్ళను చూశాను. ఏకంగా నదినే తిరగేసిన మనిషిని మాత్రం మా ఇంట్లోనే చూశాను. మా ఆయన. అదీ మన నది కాదు, మూడు వందల ఏళ్ళకు ముందెప్పుడో ఒక డచ్ చిత్రకారుడు వేసిన నది. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారేలా లేదు. వేడి మీదే రాస్తున్నాను.

2006లో పెళ్ళి చేసుకుని మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చాను. మా ఆయన కార్ల తలుపులు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరు. నాది హెచ్-ఫోర్ వీసా. అంటే తినొచ్చు, పడుకోవచ్చు, షాపింగ్‌కి వెళ్ళొచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. పెళ్ళికి ముందు అనంతపురంలో ఒక స్కూల్లో మూడేళ్ళు డ్రాయింగ్ టీచర్‌ని. నలభై మంది పిల్లల చేత ఒక్క గంటలో నలభై ఏనుగులు వేయించినదాన్ని. ఇక్కడికొచ్చాక నా పని డిష్‌వాషర్‌లో గిన్నెలు సర్దడం, మళ్ళీ తీయడం. మొదటి చలికాలం కిటికీ దగ్గర కూర్చుని మంచు చూశాను. రెండో చలికాలం మంచును తిట్టడం మొదలుపెట్టాను. అది విని మా ఆయనే కమ్యూనిటీ సెంటర్లో పెయింటింగ్ క్లాసుకు చేర్పించాడు. ఆ సంగతి దాచితే అన్యాయం అవుతుంది కాబట్టి చెబుతున్నాను.

పాఠం చెప్పే ఆవిడ డెబ్బై దాటిన అమెరికన్. మన సంగీతం గురువుల్లాంటి మనిషి. ముందు పెద్దవాళ్ళు పాడింది పాడినట్టు పాడు, తర్వాత నీ పాట పాడుకో అనే రకం. డచ్ వాళ్ళ పద్ధతి అంటే ఆవిడకు ప్రాణం. కాన్వాస్ మొత్తానికీ ముందు పలచటి గోధుమరంగు పూయాలి, తర్వాత ఆకాశం, చిట్టచివర నీళ్ళు. నీళ్ళకు సొంత రంగు లేదని, పైన ఏముందో దాన్నే అవి తిరిగి చెబుతాయని, అందుకే ఆకాశం పూర్తి కాకుండా నది ముట్టుకోవద్దని ఆవిడ రూలు. ఒక శనివారం మమ్మల్ని డెట్రాయిట్‌లో మ్యూజియంకి తీసుకెళ్ళింది. అక్కడే చూశాను ఆ బొమ్మని.

బొమ్మలో మూడింట రెండు వంతులు మబ్బు పట్టిన ఆకాశం. కింద కదిలీ కదలని నది. ఎడమ ఒడ్డున మోకాళ్ళలోతు నీళ్ళలో మూడు ఆవులు. ఒక పడవ గోధుమరంగు తెరచాప సగం దించుకుని కుడివైపు పోతోంది. కుడి ఒడ్డు మీద ఎండిపోయిన చెట్టొకటి, దాని నీడ నీళ్ళలో. అంతే. మాది అనంతపురం జిల్లా. మాకు నది అంటే వంతెన కింద ఇసుక, ఇసుకలో లారీలు. కుళాయి దగ్గర బిందె ముందు పెట్టినందుకు మా వీధిలో రెండు కుటుంబాలు పదేళ్ళు మాట్లాడుకోలేదు. అలాంటిదాన్ని ఆ బొమ్మ ముందు నిలబడి, ఇన్ని నీళ్ళున్నాయి, ఎవ్వరూ కొట్టుకోవడం లేదే అనుకున్నాను.

పద్నాలుగు నెలలు వేశాను దాన్ని. మ్యూజియంలోకి పెన్సిలూ కాగితమూ తప్ప రంగులు రానివ్వరు. శనివారం మా ఆయన నన్ను అక్కడ దింపి క్రికెట్‌కి పోయేవాడు. నేను గీసుకుని, పక్కన రంగులు తెలుగులో రాసుకునేదాన్ని. ఇక్కడ నీళ్ళు పలచటి మజ్జిగ, ఇక్కడ పాత సత్తుగిన్నె అడుగు, ఆవు వీపు ఉడికిన రాగిసంకటి, ఇలాగ. ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో ఆ రాతలు చూసుకుంటూ రంగులు కలిపేదాన్ని. రంగుల్లో కలిపే అవిసెనూనె వాసన జుట్టుకు పట్టి తలంటుకున్నా పోయేది కాదు. ఆ ఎండిన చెట్టు నీడ ఒక్కటే మూడు వారాలు తిన్నది. నీడ కదలాలి, కానీ చెట్టుదే అని తెలియాలి. వేయడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ వేయడం. పూర్తయ్యాక కాన్వాస్ వెనక, డచ్ బొమ్మ చూసి వేసింది అని నిజాయితీగా రాసి, ముందువైపు కుడి మూల నా పేరు తెలుగులో పెట్టాను. ఈ దేశానికి వచ్చాక నా పేరు వీసా కాగితాల మీద కాకుండా ఒక వస్తువు మీద ఉండటం అదే మొదలు.

ఆ ఏడాదే ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి కర్నూలు నుంచి మామగారు ఆరు నెలల కోసం వచ్చారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. అత్తగారు పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఎక్కువ మాట్లాడరు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడకకు వెళ్తారు. ఆయన వచ్చేనాటికి బేస్‌మెంట్ ఖాళీ చేసి సామాను ప్యాక్ చేసేశాం. నా బొమ్మ పాత దుప్పట్లో చుట్టి ఉంది. కొత్త ఇంట్లో హాలు ఉత్తర గోడ దానికని నేను ఎప్పుడో అనుకున్నాను. ఆ మాట మా ఆయనకు చెప్పాను కూడా. అదే నేను చేసిన పొరపాటు.

గృహప్రవేశం రెండు రోజులుందనగా ఇంటికి ఒక పెద్ద డబ్బా వచ్చింది. మామగారు నడకకు వెళ్ళిన సమయం. మా ఆయన పుట్టినరోజు పిల్లాడిలా మొహం పెట్టి, సర్‌ప్రైజ్ అంటూ డబ్బా కోశాడు. లోపల నా నది. నాలుగడుగుల కాన్వాస్ మీద ప్రింటు. నాది, కానీ నాది కాదు. ఆవులు కుడివైపు వచ్చేశాయి. పడవ ఎడమవైపు తిరిగిపోయింది. మబ్బు మీద పసుపు నీళ్ళు చల్లినట్టు ఎండ. ఎండిన చెట్టు లేదు. మూలన నా పేరూ లేదు.

హైదరాబాద్‌లో ఉన్న ఒక వాస్తు పండితుడికి మా ఆయన ఇంటి ప్లాను, నా బొమ్మ ఫోటో మెయిల్ చేశాడట. ఆ పండితుడు ఫోన్లో చెప్పాడట. ఉత్తరాన నీళ్ళుండటం దివ్యం, కానీ మీ గుమ్మం తూర్పున ఉంది, పడవ గుమ్మంవైపు పోతోంది, లక్ష్మి వెళ్ళిపోతుంది. ఎండిన చెట్టు అసలే పనికిరాదు. దాంతో మా ఆయన తన విద్య చూపించాడు. కారుకు ఎడమ తలుపు డిజైన్ చేస్తే కుడి తలుపు మళ్ళీ గీయక్కర్లేదు, ఒక్క కమాండ్‌తో తిరగేస్తే వచ్చేస్తుంది. రోజూ ఆఫీసులో చేసే పనే. నేను క్లాసుకు వెళ్ళినప్పుడు బొమ్మ ఫోటో తీసి, తిరగేసి, చెట్టు చెరిపి, మబ్బుకు ఎండ రంగు వేసి, ఆన్‌లైన్‌లో ప్రింటుకు ఇచ్చాడు. నా పేరేమయిందని అడిగాను.

"ఫ్లిప్ చేస్తే లెటర్స్ రివర్స్ అయిపోయాయి, ఆడ్‌గా ఉందని తీసేశా," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పద్నాలుగు నెలల పనిని ఒక కారు తలుపులా తిప్పేశావే అన్నాను. దానికి ఆయన నిజంగానే అర్థంకాక చూశాడు. ఆ చూపులో కపటం లేదు, అదే నన్ను ఇంకా మండించింది.

"నువ్వు చేసింది కూడా కాపీయే కదా," అన్నాడు. "ఆయన బొమ్మ నువ్వు కాపీ చేశావు, నీ బొమ్మ నేను కాపీ చేశాను. తేడా ఏముంది?"

ఇప్పుడైతే వంద సమాధానాలు చెబుతాను. నేను ఆ డచ్ మనిషి చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ ఆగాను, ఎక్కడ తొందరపడిందో అక్కడ తొందరపడ్డాను, ఆయన ఎందుకు ఆవును అక్కడే నిలబెట్టాడో తెలిసేదాకా నిలబడ్డాను, వెనక ఆయనకు దక్కాల్సింది రాశాను. నువ్వు బొమ్మను ఒక్కసారైనా చూశావా? ఈ మాటలు ఆ రోజు నోటికి రాలేదు. బయట మామగారి చెప్పుల చప్పుడు వినబడింది. మింగలేక కక్కలేక వంటింట్లోకి పోయాను.

నాకు ఒక్కటి మాత్రం అర్థమయింది అనుకున్నాను. ఇదంతా మామగారి పట్టుదల. లేకపోతే జీన్సు వేసుకుని తలుపులు డిజైన్ చేసుకునే మనిషికి వాస్తు ఎందుకు? తండ్రి మాట కాదనలేక నా నదిని బలిచ్చాడు. ఆ రోజు నుంచి నా కోపమంతా ఆ ముసలాయన మీదికి మళ్ళింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, పైకి అనలేక గిన్నెల మీద చూపించాను. కాఫీ గ్లాసు ఆయన ముందు టేబుల్ మీద చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. ఆయన తలెత్తి చూసి తాగేవారు.

గృహప్రవేశానికి ఎనభై మంది వచ్చారు. పాలు పొంగిస్తుంటే పొగకి స్మోక్ అలారం మోగింది, పంతులుగారు మంత్రం ఆపకుండానే కిటికీ తెరవమని సైగ చేశారు. వ్రతం అయ్యాక పళ్ళేలు పట్టుకున్నవాళ్ళంతా హాల్లో ఆ ప్రింటు కింద చేరారు. ఎంత ప్రశాంతంగా ఉందో అని ఒకావిడ, ఉత్తరాన నీళ్ళు పర్ఫెక్ట్ అని ఇంకొకాయన. ఎక్కడ కొన్నారని అడిగితే మా ఆయన, నేను పక్కనే ఉండగా, ఆన్‌లైన్‌లో అన్నాడు. అబద్ధం కాదు కదా మరి. టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి వచ్చిన స్నేహితుడు, మా ఇంటికీ తూర్పు గుమ్మమే, లింక్ పంపు అన్నాడు. లింక్ లేదుగా, ఏకంగా ఫైలే మెయిల్ చేశాడు. ఆ తర్వాత నెలకు ఫ్రిస్కో నుంచి ఫోటో వచ్చింది. వాళ్ళ సోఫా పైన నా ఆవులు. అది చూసి ఆ రోజు నేను వంట చేయలేదు. ఎవరూ కారణం అడగలేదు, పిజ్జా తెప్పించుకున్నారు.

ఇలా పదకొండు వారాలు. అసలు బొమ్మ దుప్పట్లోనే, కింద అట్టపెట్టెల వెనక ఉంది. నేనూ తీయలేదు. అలిగాను, నిజమే. ఎవరైనా అడుగుతారని అలిగాను.

ఒక పొద్దున మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక, మామగారు హాల్లో ప్రింటుకు దగ్గరగా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నిలబడ్డారు. నన్ను పిలిచారు.

"ఏందమ్మా ఇది? చెట్టు లేదు, నీళ్ళల్లో నీడ మాత్రం ఉండాదే."

చూశాను. నిజమే. మా ఆయన ఒడ్డు మీద చెట్టును శుభ్రంగా చెరిపాడు. నీళ్ళలో నీడ సంగతి ఆయనకు తట్టలేదు. నేను మూడు వారాలు పడి వేసిన నీడ అలాగే ఉంది, ఏ చెట్టుదో తెలియకుండా. ఎనభై మంది చూశారు, ఫ్రిస్కోలో ఎందరు చూశారో, నేనే ఇన్నాళ్ళూ మొహం తిప్పుకుని తిరిగాను. ఒక్కరికీ కనబడలేదు. ఈ మనిషికి కనబడింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక కోపంగానే చెప్పాను, చెట్టు ఉండేదని, మీకు అశుభమని తీసేశారని.

"నాకా?" అన్నారు.

మీరే కదా వాస్తు చూపించమన్నది అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. తనకు వాస్తు ఏం తెలుసన్నారు. నలభై ఏళ్ళు నేల ఎటు వాలితే అటు కాలువ తవ్వించిన మనిషిని, ఎవరినీ దిక్కులు అడగలేదన్నారు. ఆ హైదరాబాదు ఆయనెవరో కూడా ఆయనకు తెలియదు. మా ఆయన తనంతట తానే, ఆఫీసులో ఎవరో నంబరిస్తే ఫోన్ చేశాడు. తండ్రికి చెప్పిందల్లా మంచి సీనరీ ఒకటి కొన్నానని.

కిందికి వెళ్ళి దుప్పటి విప్పి అసలు బొమ్మ పైకి తెచ్చాను. సోఫాకు ఆనించి పెట్టాను. మామగారు నేల మీద బాసింపట్టు వేసుకుని దాని ముందు కూర్చున్నారు. తర్వాత వేలు కాన్వాస్‌కు తగలకుండా, ఎండిన చెట్టు మొదలు చూపించారు.

"ఏరు ఈడ గట్టు కోస్తా ఉంది. వేర్లు బయటపడినాయి. ఇంక చెట్టు ఎండక ఏం చేస్తాది? వేసినోడు ఏటి పక్కన పుట్టినోడమ్మా. చూసి వేసినాడు."

నేను పద్నాలుగు నెలలు వేశాను. ఆ వేర్లు వేశాను, విరిగిన గట్టు వేశాను. ఎందుకు అలా ఉందో నాకు తెలియదు. ఆ రోజు తెలిసింది. తర్వాత ఆయన చూపు కుడి మూలకు వెళ్ళింది. నా పేరు గట్టిగా చదివారు. చదివి నావైపు తిరిగారు.

"నేనే వేసినాను మామయ్యా," అన్నాను. "మీ అబ్బాయి కొన్నది కాదు."

ఆయన మొహంలో రంగు మారింది. ఎవరి మీద కోపమో అప్పుడు తెలియలేదు. లేచి, చెప్పులేసుకుని నడకకు వెళ్ళిపోయారు. ఆ రోజు మామూలు కన్నా చాలాసేపు నడిచారు. పదకొండు వారాలు కాఫీ గ్లాసులు చప్పుడు చేసినందుకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు కూడా మళ్ళీ కోపమే అయింది, ఈసారి సరైన మనిషి మీద.

సాయంత్రం మా ఆయన గరాజ్‌లోకి కారు పెట్టగానే అక్కడే నిలబెట్టి అడిగాను. తండ్రికి ఎందుకు అబద్ధం చెప్పావు? వాస్తు సంగతి వదిలెయ్, చెట్టు సంగతి వదిలెయ్. నేను వేశానని ఎందుకు చెప్పలేదు? అటూ ఇటూ తిరిగాడు. నాన్నకు ఇలాంటివి తెలియవన్నాడు, టైమ్ రాలేదన్నాడు. నేను కదల్లేదు. ఆఖరికి బ్యాగు కింద పెట్టాడు.

"నువ్వు వేశావంటే, కోడలు పని లేక ఖాళీగా కూర్చుందనుకుంటారని," అన్నాడు. "నీ కోసమే దాచాను."

నా కోసమట. పుండు మీద కారం చల్లి, మందు వేశాననుకునే మనిషితో ఏం వాదిస్తాం? నేను ఖాళీగా లేను అన్నాను. పని చేయనివ్వని కాగితం మీద వచ్చాను, అది వేరు, ఖాళీ వేరు. నువ్వు ఆ రెండూ ఒకటే అనుకుంటున్నావు కాబట్టే నా పేరు అంత తేలిగ్గా చెరిపావు. ఇప్పుడు లోపలికి పోయి నా ముందు మీ నాన్నకు చెప్పు అన్నాను. తర్వాత చెబుతానన్నాడు. నువ్వు చెప్పేదాకా అన్నం పెట్టను, నీకే కాదు, నేనూ తినను అన్నాను.

లోపల మామగారు టీవీ చూస్తున్నారు. అసలు బొమ్మ సోఫాకు ఆనించే ఉంది, దాన్ని ఎవరూ ఎత్తలేదు. మా ఆయన దాన్ని చూశాడు, తండ్రిని చూశాడు. కార్పెట్‌ను చూస్తూ, నాన్నా, ఆ బొమ్మ నేను కొనలేదు, తనే వేసింది అన్నాడు. మామగారు టీవీ కట్టేశారు.

"పొద్దున్నే తెలిసింది," అన్నారు. "నీ నోటితో ఎప్పుడొస్తాదా అని కూర్చోనుండా."

తిట్టి ఉంటే మా ఆయనకు హాయిగా ఉండేది. ముగ్గురం అన్నం తిన్నాం. మర్నాడు నేనే ప్రింటు దించి, అదే మేకుకు నా బొమ్మ తగిలించాను. ప్రింటు కన్నా కొంచెం చిన్నదవడంతో చుట్టూ గోడ కనబడుతోంది, కనబడనీ అనుకున్నాను. మామగారు స్టూలు పట్టుకున్నారు. పడవ మళ్ళీ గుమ్మంవైపు తిరిగింది. అది జరిగి ఇన్నేళ్ళయినా లక్ష్మి ఎక్కడికీ పోలేదు, ఆ హైదరాబాదు ఆయనకు ఎవరైనా చెబితే బాగుండు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు. మామగారు కర్నూలు వెళ్ళిపోయిన నెలకు, మా ఆయన ఆఫీసులో కొత్తగా చేరిన ఒకతను భార్యతో భోజనానికి వచ్చాడు. పప్పు, వంకాయ, పులిహోర చేశాను. పెరుగు వడ్డించే వేళకు ఆ అమ్మాయి ఉత్తర గోడవైపు చూసి, ఆ పెయింటింగ్ చాలా బాగుంది, ఎక్కడ తీసుకున్నారని అడిగింది. ఈయన ఏం చెబుతాడో చెప్పనీ అని పెరుగు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మా ఆయన నావైపు చూశాడు. గోడవైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా వైఫ్ వేసింది," అన్నాడు. గర్వంగానే అన్నాడు, అదీ దాచను. ఆ అమ్మాయి నావైపు తిరిగి ఏదో అనబోయింది. ఈలోపే ఆయన నవ్వుతూ, ఏమీ ఎరగనట్టు, ఇంకో రెండు మాటలు కలిపాడు.

"ఖాళీగా ఉన్నప్పుడు."